ముందు దూరం తేల్చుకోండి, లెన్స్ తర్వాత

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు మిత్రులు జరుపుకున్న ఫొటోగ్రఫీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి కూడా మిత్రులు వచ్చారు. ఇంత ఎండలో వచ్చినందుకు సంతోషం. ప్రయాణాల్లో ఫొటోలు తీయడానికి లెన్స్ ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. కెమెరాల గురించి ఈరోజు పెద్దగా మాట్లాడను. కెమెరా కొన్నేళ్లకే పాతబడిపోతుంది. మంచి లెన్స్‌ను జాగ్రత్తగా చూసుకుంటే ఇరవై ఏళ్లయినా పనిచేస్తుంది. చేతిలో ఉన్న డబ్బు దేనికి ఎక్కువ పెట్టాలా అని ఆలోచించేవారు ముందు ఈ సంగతి గమనించాలి.

దుకాణంలో మనం అడిగే మొదటి ప్రశ్న, "ఇది ఎంత దూరం లాగుతుంది?" అని. ఆ ప్రశ్నను పక్కన పెట్టి, మిమ్మల్ని మీరు మరో ప్రశ్న అడగండి. నేను తీయబోయే మనిషికి, గుడికి, పక్షికి ఎంత దూరంలో నిలబడతాను? ఎంత దూరంలో నిలబడటం సాధ్యం, ఎంత దూరంలో నిలబడటం మర్యాద? దీనికి జవాబు దొరికితే లెన్స్ సగం ఎంచుకున్నట్టే. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

దూరానికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటున్నానో గోపాల్‌పూర్ సముద్రపు ఒడ్డున మీరే పరీక్షించి చూడవచ్చు. తెల్లవారి వేట నుంచి వచ్చిన పడవలను మన జాలరులు ఇసుక మీదికి లాగి పెడతారు. ఒక పడవ ముందు మూడు మీటర్ల దూరంలో నిలబడి 24 మిల్లీమీటర్ల లెన్స్‌తో తీయండి. ఈ మిల్లీమీటర్ల అంకె చిన్నదైతే లెన్స్ ఎక్కువ భాగాన్ని చూస్తుంది, పెద్దదైతే తక్కువ భాగాన్ని పెద్దగా చూపిస్తుంది. ఆ పడవ వెనక, దూరంగా లైట్‌హౌస్ కనిపించేలా చూసుకోండి. ఫొటోలో పడవ ముక్కు మీద పడేంత పెద్దగా ఉంటుంది, లైట్‌హౌస్ అగ్గిపుల్లంత ఉంటుంది. ఇప్పుడు 200 మిల్లీమీటర్ల లెన్స్ తగిలించి, పడవ మళ్లీ అంతే పెద్దగా కనిపించేవరకు వెనక్కి నడవండి. దాదాపు ఇరవై రెండు మీటర్లు నడవాల్సి వస్తుంది. ఇప్పుడు తీసిన ఫొటోలో పడవ అంతే ఉంది, కానీ లైట్‌హౌస్ ఇంతకుముందు కంటే ఏడెనిమిది రెట్లు పెద్దదై, పడవ వెనకే లేచి నిలబడినట్టు కనిపిస్తుంది.

టెలిఫొటో లెన్స్, అంటే 200 లాంటి పొడవాటి లెన్స్, వెనకున్నదాన్ని దగ్గరికి లాగిందని అందరూ అంటారు. నిజానికి దృశ్యాన్ని మార్చింది ఆ ఇరవై రెండు మీటర్ల నడక. వస్తువుల మధ్య పెద్దచిన్నల తేడాను నిర్ణయించేది మనం నిలబడిన చోటే. ఆ చోటు నుంచి ఎంత భాగాన్ని చట్రంలోకి తీసుకోవాలో మాత్రమే లెన్స్ నిర్ణయిస్తుంది. ఇది తెలిసినవారు జూమ్ వలయాన్ని తిప్పే ముందు కాళ్లు కదుపుతారు.

ఇక అంకెలు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, అంటే బొమ్మను పట్టే సెన్సర్ పాత 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రమంత ఉండే కెమెరా, మీద 24 మిల్లీమీటర్ల లెన్స్ చట్రం మూల నుంచి మూలకు 84 డిగ్రీల కోణం చూస్తుంది. 28 అయితే 75 డిగ్రీలు, 35 అయితే 63, 50 అయితే 47, 85 అయితే 28 చిల్లర, 200 అయితే 12 డిగ్రీలు. ఒక విషయం గమనించండి. 24కీ 28కీ మధ్య తేడా నాలుగే మిల్లీమీటర్లు, కానీ కోణంలో తొమ్మిది డిగ్రీలు పోతాయి. అటు 200కీ 204కీ తేడా కంటికే తెలియదు. అందుకే జూమ్ లెన్స్ కొనేటప్పుడు పెద్ద అంకె కంటే చిన్న అంకెను ఎక్కువ పట్టించుకోమని చెబుతాను. 28తో మొదలయ్యే లెన్స్‌కూ 24తో మొదలయ్యే లెన్స్‌కూ చిన్న గదిలో చాలా తేడా వస్తుంది.

మీలో ఎక్కువమంది దగ్గర ఉన్నవి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలు కావు, చిన్న సెన్సర్ ఉన్న ఏపీఎస్-సీ కెమెరాలు. వాటిని ఈ లెక్కతో పోల్చాలంటే, నికాన్, సోనీ, ఫ్యూజీ అయితే లెన్స్ మీద రాసిన అంకెను ఒకటిన్నరతో, కేనన్ అయితే 1.6తో హెచ్చించుకోవాలి. ఇంకా చిన్న సెన్సర్ ఉన్న మైక్రో ఫోర్ థర్డ్స్ అయితే రెండుతో. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ నికాన్ మీద 27 నుంచి 82 వరకు పనిచేసినట్టు లెక్క. పేరులో 55 ఉన్నా అది మనుషుల ముఖాలు తీయడానికి సరిపోయే 82 అన్నమాట. ఆ చిన్న లెన్స్‌ను తక్కువగా చూడకండి. కొత్త లెన్స్ కొనే ముందు దానితో ఏం చేయలేకపోతున్నారో కచ్చితంగా చెప్పగలిగే స్థితికి రావాలి.

ఇప్పుడు మన ఊళ్లోకే వద్దాం. ఇక్కడ పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో మగ్గం ఉన్న గదిలోకి వెళ్లినవారికి తెలుసు. గోడకూ మగ్గానికీ మధ్య మనిషి ఒరుసుకుని వెళ్లే సందు ఉంటుంది. వెనక్కి జరిగే వీలే లేదు. అక్కడ 50 మిల్లీమీటర్ల లెన్స్‌తో నేతగాడి ముఖం, భుజాలు వస్తాయి కానీ మగ్గం రాదు. మగ్గం లేకపోతే ఆయన ఎవరైనా కావచ్చు. ఇక్కడ 24 కావాలి. ఏపీఎస్-సీ మీద 16 కావాలి, కిట్ లెన్స్‌లోని 18తోనూ నెట్టుకురావచ్చు. అయితే అంత విశాలమైన లెన్స్‌తో ఒక చిక్కు ఉంది. చట్రం అంచుల్లో పడిన ముఖాలు, చేతులు పక్కకు సాగిపోతాయి. మనిషిని మధ్య భాగంలో ఉంచి, అంచుల్లోకి మగ్గం కర్రలు, దారాలు, గోడ వచ్చేలా చూసుకోవాలి. ఇంటివాళ్లందరినీ వరుసగా నిలబెట్టి 18తో తీస్తే చివర నిలబడిన అమ్మగారికి ఆ ఫొటో ఎప్పటికీ నచ్చదు.

ఆ గదిలోనే ఇంకో అవసరం ఉంది. బరంపురం పట్టుచీర అంచులో కనిపించే కుంభాల వరుస, పోగులు కలిసే చోటు, నాడె పట్టుకున్న వేళ్లు. వీటికి దగ్గరగా ఫోకస్ చేయగల లెన్స్ కావాలి. కొనేటప్పుడు చాలామంది చూడని వివరం ఇది. ప్రతి లెన్స్‌కూ కనీస ఫోకస్ దూరం ఉంటుంది. నికాన్ జెడ్ 24-120 ఎఫ్/4 లెన్స్ 35 సెంటీమీటర్ల నుంచి ఫోకస్ చేస్తుంది. (ఎఫ్ పక్కన ఉన్న అంకె లెన్స్ ద్వారం ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు.) కేనన్ ఆర్‌ఎఫ్ 35 ఎఫ్/1.8 మాక్రో లెన్స్ వస్తువును అసలు పరిమాణంలో సగం వరకు సెన్సర్ మీదికి తీసుకురాగలదు. ప్రయాణంలో చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ వేరే మోసుకుపోకుండా చీర అంచు, పువ్వు, రాతి శిల్పంలో వేలెడు భాగం ఇలాంటి లెన్స్‌తోనే తీసుకోవచ్చు.

గదిలోంచి కొండల మీదికి వెళదాం. ప్రకృతి దృశ్యం అనగానే విశాలమైన లెన్స్ అనే అలవాటు మనలో గట్టిగా నాటుకుపోయింది. కోరాపుట్ జిల్లాలో దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు. ఉదయం పూట పొగమంచులో ఒకదాని వెనక ఒకటిగా కొండల వరసలు కనిపిస్తుంటే మనసు నిండిపోతుంది. దాన్ని 18తో తీస్తే కింద గడ్డి, పైన ఆకాశం, మధ్యలో సన్నని నీలిగీతలా కొండలు. చూసిన అనుభవానికీ ఫొటోకూ పొంతన ఉండదు. అక్కడ 100 నుంచి 200 మధ్య లెన్స్ పట్టి, రెండు మూడు వరసలను మాత్రమే చట్రంలోకి తీసుకుంటే ఆ కొండలు తమ ఎత్తును తిరిగి పొందుతాయి. మాచ్‌ఖండ్ నది మీది డుడుమా జలపాతం సుమారు 175 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది. ఎదురుగా ఉన్న గట్టు మీంచి విశాలమైన లెన్స్‌తో తీస్తే అదీ గోడ మీద సున్నపు చారలాగే కనిపిస్తుంది. నీళ్లు రాతిని తాకే చోటును 70తోనో 100తోనో పట్టుకుంటేనే దాని బరువు తెలుస్తుంది.

మహేంద్రగిరి మీద దీనికి భిన్నం. అక్కడి భీముడి గుడి పెద్ద పెద్ద రాళ్లు పేర్చి కట్టిన చిన్న గుడి. దాని దగ్గరగా నిలబడి 24తో తీస్తే ఆ రాళ్ల పరిమాణం, వెనక తెరుచుకున్న ఆకాశం రెండూ వస్తాయి. 1,501 మీటర్ల ఆ కొండకు వెళ్లేవారు బరువు గురించి కూడా ఆలోచించాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

సంతల గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను. దూరం అన్నది మర్యాదతో ముడిపడేది ఇక్కడే. ఒణుకుడెల్లి గురువారం సంతకు, రాయగడ వైపు చాటికోన బుధవారం సంతకు బయటి ఊళ్ల నుంచి కెమెరాలు పట్టుకుని చాలామంది వస్తారు. బోండా ఆదివాసీ స్త్రీలు, డొంగ్రియా కంధ ఆదివాసులు సంతకు వచ్చేది సరుకులు అమ్ముకోవడానికి, కొనుక్కోవడానికి. దూరంగా ఒక చెట్టు చాటున నిలబడి 300 మిల్లీమీటర్ల లెన్స్‌తో వాళ్ల ముఖాలను లాక్కోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు. ఆ ఫొటోలు చూడగానే తెలిసిపోతాయి. కళ్లు ఎటో చూస్తుంటాయి, లేదా అప్పుడే కెమెరాను గమనించి ముఖం తిప్పుకునే క్షణం పడి ఉంటుంది. ఆదివాసీ ప్రాంతాల్లో ఫొటోల మీద ఆంక్షలు పెట్టవలసి వచ్చిందంటే, మనలాంటి కెమెరాలవాళ్లు వాళ్లను ప్రదర్శన వస్తువులుగా చూడటమే దానికి కారణం. ముందుగా స్థానిక అధికారులను అడగండి, ఆ తర్వాత మనిషిని అడగండి. వద్దంటే అక్కడితో ఆ మాట ముగిసింది.

సంతకు నేను సిఫారసు చేసేది 35 లేదా 50. ఈ లెన్స్‌తో మనిషి ముఖం తీయాలంటే ఒకటి రెండు మీటర్ల దూరానికి వెళ్లాలి. ఆ దూరంలో మాట్లాడకుండా నిలబడటం కుదరదు. ధర అడగాలి, ఏదో ఒకటి కొనాలి, కూర్చోవాలి. ఈ సంతల్లో మన తెలుగు వ్యాపారులు ఉంటారు, తెలుగు నాలుగు మాటలు అర్థమయ్యేవారూ ఉంటారు. ఎండుచేపలు అమ్మే పెద్దమ్మ పక్కన పది నిమిషాలు కూర్చుంటే, ఆవిడ మిమ్మల్ని మరిచిపోయి బేరంలో పడుతుంది. అప్పుడు తీసిన ఫొటోలో చేతులు, తక్కెడ, కొనేవాడి ముఖంలోని అనుమానం అన్నీ ఉంటాయి. పొడవాటి లెన్స్ ఈ పదినిమిషాలను మింగేస్తుంది. అందుకే దూరాన్ని ముందు తేల్చుకోమంటున్నాను.

చిన్న కెమెరాతో 50 మిల్లీమీటర్ల లెన్స్ జత కట్టడం పాత సంప్రదాయం. 1925లో లైకా మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి అమర్చినది ఆ లెన్సే. 35 మిల్లీమీటర్ల ఫిల్ము వాడే స్టిల్ కెమెరాలకు మొదటి జూమ్ లెన్స్, ఫాయిక్ట్‌లాండర్ వారి జూమర్, 1959లో గానీ రాలేదు. 36 నుంచి 82 వరకు. అంటే అప్పటివరకు లోకమంతా ప్రయాణించి ఫొటోలు తీసినవారు జూమ్ లేని కొద్దిపాటి లెన్సులతోనే తీశారు. మనమూ అలాగే చేయాలని నేను అనను. తక్కువతో కూడా పని నడుస్తుందన్న ధైర్యం కోసం చెబుతున్నాను.

ఇక వెలుతురు. రెండేళ్లకోసారి మన బూఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తుంది. ఆ రాత్రుల్లో పులివేషాలు, రకరకాల వేషాలు వీధుల్లో తిరుగుతాయి. సీరియల్ దీపాల రంగురంగుల వెలుగు, మధ్య మధ్య చీకటి. అక్కడ కిట్ లెన్స్‌ను 55 వరకు తిప్పితే అది ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఆడుతున్న మనిషిని నిలిపి పట్టడానికి షట్టర్ వేగం సెకనులో 125వ వంతు కనీస అవసరం అనుకుందాం. ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 6400 కావాల్సిన చోట, ఎఫ్/1.8 లెన్స్ ఉంటే 640 దగ్గరే సరిపోతుంది. దాదాపు పది రెట్లు వెలుతురు తేడా. ఈ తేడా తెచ్చే 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ చాలా కంపెనీల్లో అన్నిటికంటే చవకైన లెన్సులలో ఒకటి. కేనన్ ఆర్‌ఎఫ్ రకం 160 గ్రాములే బరువు. ఏపీఎస్-సీ వాళ్లయితే 35 ఎఫ్/1.8 తీసుకోండి, అది వాళ్లకు 50లా పనిచేస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక అపోహతో డబ్బు పోగొట్టుకుంటారు. లెన్స్ మీద వీఆర్ అనో ఐఎస్ అనో ఓఎస్ఎస్ అనో రాసి ఉంటే, అది వణుకు తగ్గించే ఏర్పాటు. అది మన చేతి వణుకునే తగ్గిస్తుంది. ఎదుట ఆడుతున్న పులివేషగాడిని ఆపదు. గుడి లోపలి స్తంభాలను, కదలని విగ్రహాన్ని, జిరంగ్‌లోని టిబెటన్ బౌద్ధ విహారం లోపలి గోడచిత్రాలను తీయడానికి, అదీ అనుమతి ఉన్నచోట, అది ఎంతో ఉపయోగం. మనుషులు కదిలే చోట పెద్ద ఎపర్చర్, అంటే విశాలంగా తెరుచుకునే లెన్స్ ద్వారం, కావాలి. ఎఫ్/4 కంటే ఎఫ్/2.8 రెట్టింపు వెలుతురు తీసుకుంటుంది, ఎఫ్/5.6 కంటే నాలుగు రెట్లు. ఆ ఒక్క మెట్టు కోసం ధర ఎక్కువ, బరువు ఎక్కువ. కాబట్టి పగటి జూమ్‌ను ఎఫ్/4 దగ్గరే ఆపి, రాత్రి కోసం చిన్న ఎఫ్/1.8 లెన్స్ ఒకటి జేబులో పెట్టుకోవడం నాకు సరైన దారిగా కనిపిస్తుంది.

చిలకా సరస్సు గురించి అడగకుండా మీరు నన్ను వదలరని తెలుసు. పొడవాటి లెన్స్ నిజంగా కావలసిన చోటు అదే. రంభ వైపు ద్వీపాలు, తెరచాప పడవలు, వలల కర్రలు తీయడానికి 70-200 చాలు. పక్షులకు కనీసం 300, వీలైతే 400. మంగలాజోడిలో అడుగు చదునుగా ఉండే పడవలను గడ కర్రతో నిదానంగా నెడతారు. ఇంజను మోత ఉండదు కాబట్టి పక్షులు కొంత దగ్గరగా రానిస్తాయి. ఏపీఎస్-సీ కెమెరా మీద 70-300 వేస్తే అది 450 వరకు లాగినట్టే. సాతపడా దగ్గర ఇరావతి డాల్ఫిన్లు మరో సంగతి. వీపు ఒక్క క్షణం నీటిపైకి వచ్చి మునిగిపోతుంది. అక్కడ 600 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే ఎక్కడ లేచిందో వెతుక్కునేలోపే అయిపోతుంది. 100-200 మధ్య పెట్టుకుని, చుట్టూ నీళ్లు కలుపుకుని తీయడమే మేలు.

పడవలో స్టాండు పనికిరాదు. పడవతో పాటు స్టాండూ ఊగుతుంది. కెమెరా చేత్తోనే పట్టుకుని షట్టర్ వేగం పెంచాలి. ఎగిరే పక్షులకు సెకనులో వెయ్యో వంతు నుంచి రెండు వేలో వంతు వరకు. ఇంకో మాట. తొమ్మిది దాటాక ఎండ ముదిరి నీటిపైన గాలి వేడెక్కితే, దూరంలో ఉన్నదంతా సన్నగా అలలు పోతున్నట్టు కనిపిస్తుంది. ఆ గాలిని దాటి చూసే లెన్స్ ఏ కంపెనీ తయారు చేయలేదు. లక్షలు పెట్టి కొన్న 600తో మధ్యాహ్నం తీసినదానికంటే, మామూలు 300తో సూర్యోదయానికి తీసిన ఫొటో పదునుగా ఉంటుంది. భేట్నొయి పొలాల్లో కృష్ణజింకలకూ ఇదే మాట వర్తిస్తుంది. అక్కడి ఊరివాళ్లు తరతరాలుగా ఆ జింకలను కాపాడుకుంటున్నారు. వాటిని తరిమి దగ్గరికి వెళ్లే ప్రయత్నం చేయకుండా ఉండటానికే పొడవాటి లెన్స్.

బరువు దగ్గరికి వస్తాను. 24-70 ఎఫ్/2.8, 70-200 ఎఫ్/2.8 జత చాలామంది కల. మొదటి తరం నికాన్ జెడ్ లెక్కలో మొదటిది 805 గ్రాములు, రెండోది దాదాపు కిలో నాలుగు వందలు. కెమెరా కాకుండానే రెండు కిలోలు దాటింది. పెళ్లిళ్లు తీసేవారికి ఆ జత అవసరమే, వారి పని అది. బస్సు దిగి, కొండెక్కి, మే నెల ఉక్కలో నడిచే ప్రయాణికుడికి సాయంత్రానికి ఆ సంచి భారమై కెమెరా బయటికి తీయబుద్ధి కాదు. అదే 24-120 ఎఫ్/4 అయితే 630 గ్రాములు. కేనన్ ఆర్‌ఎఫ్ 24-105 ఎఫ్/4 సుమారు 700, సోనీ 24-105 ఎఫ్/4 సుమారు 660. ఈ తరహా జూమ్ ఒకటి, దానికి తోడు 35 లేదా 50 ఎఫ్/1.8 ఒకటి. మగ్గం గది నుంచి దేవమాలి కొండల వరకు నేను చెప్పినవాటిలో ముప్పాతిక భాగం ఈ రెండింటితో అయిపోతుంది. పక్షుల మీద ప్రేమ ఉన్నవారు మాత్రమే మూడో లెన్స్ గురించి ఆలోచించాలి. అదీ చిలకాకు సంవత్సరానికి ఒకసారి వెళ్లేవారైతే అద్దెకు తీసుకోవడమే తెలివైన పని.

18-300 లాంటి లెన్సులు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. టామ్రాన్ వారిది 620 గ్రాముల్లోనే అంత పరిధి ఇస్తుంది. ఇసుక ఎగిరే ఒడ్డున లెన్స్ మార్చే పని లేకపోవడం పెద్ద సుఖం. కానీ చివర్లో ఎఫ్/6.3 మాత్రమే తెరుచుకుంటుంది, అంచుల్లో పదును తగ్గుతుంది. పగటి ప్రయాణాలకు, కుటుంబంతో తీర్థయాత్రలకు వెళ్లేవారికి అభ్యంతరం చెప్పను. సంతలో, యాత్రలో మనుషులకు దగ్గరగా వెళ్లాలనుకునేవారికి మాత్రం ఇది సోమరితనం నేర్పుతుందని నా అభిప్రాయం. ఉన్నచోట నుంచి కదలకుండా వలయం తిప్పడం అలవాటవుతుంది.

ఏది కొనాలో తేలనివారు ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. గత ఏడాది తీసిన ఫొటోల్లో మీకు బాగా నచ్చినవి వేరు చేయండి. కంప్యూటర్లో ప్రతి ఫొటో వివరాల్లో అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో ఉంటుంది. వాటిని రాసుకోండి. ఎక్కువ ఫొటోలు ఒకటి రెండు అంకెల చుట్టూ గుమిగూడి కనిపిస్తాయి. మీ కన్ను సహజంగా ఎంత దూరంలో నిలబడుతుందో ఆ అంకెలు చెబుతాయి. ఇంకా అనుమానం ఉంటే కిట్ లెన్స్ వలయానికి 35 దగ్గర ఒక టేపు ముక్క అంటించి, ఒక ఆదివారం బరంపురం పెద్ద బజారులో తిరగండి. 35 లెన్స్ మీకు సరిపడుతుందో లేదో సాయంత్రానికి తెలిసిపోతుంది, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా.

మన తీరంలో లెన్స్ కొనడం కంటే దాన్ని కాపాడుకోవడం కష్టం. సముద్రపు గాలిలో ఉప్పు తుంపర కంటికి కనిపించకుండా ముందు గాజు మీద పేరుకుంటుంది. గోపాల్‌పూర్ నుంచి రాగానే ముందు గాలి బుడ్డితో ఇసుక రేణువులను ఎగరగొట్టండి. ఇసుక ఉండగా గుడ్డ పెట్టి రుద్దితే గీతలు పడతాయి. తర్వాతే కొంచెం తడిపిన మెత్తని గుడ్డతో తుడవాలి. ఒడ్డున ముందు గాజుకు రక్షణ ఫిల్టర్ ఉంచుకోవడం మంచిది. రాత్రిపూట దీపాలకు ఎదురుగా తీసేటప్పుడు మాత్రం దాన్ని తీసేయండి, లేకపోతే దీపాల ప్రతిబింబాలు ఫొటోలో తేలతాయి. ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే గాజు మీద తేమ కమ్ముతుంది. సంచి మూసే ఉంచి, బయటి వేడికి అలవాటు పడ్డాక తెరవాలి.

వానాకాలంలో అసలు శత్రువు బూజు. లెన్స్ లోపల సాలెగూడులా పాకి గాజు పూతను తినేస్తుంది. గాలిలో తేమ 60 శాతం దాటి, చీకట్లో, కదలిక లేకుండా పడి ఉంటే అది పెరుగుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం దాన్ని పెంచి పోషించడమే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. మరీ ఆరిపోవడమూ మంచిది కాదు. అన్నిటికంటే మంచి మందు, వారానికోసారి లెన్స్ బయటికి తీసి వాడటం.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(రుషికుల్య తాబేళ్లను తీయడానికి ఏ లెన్స్ వాడాలని ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నకు జవాబు)

మంచి ప్రశ్న అమ్మా. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు రుషికుల్య నది ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టడానికి ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి. వెలుగు చూస్తే గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రంలోకి వెళ్లిపోవచ్చు. కాబట్టి ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు, ఫోను వెలుగు కూడా వద్దు. అటవీశాఖ వారు చెప్పిన దూరం దాటకూడదు. తెల్లవారుజామున ఆలస్యంగా తిరిగి వెళ్తున్నవి కొన్ని కనిపిస్తాయి. వాటికి 70-200 లేదా 70-300. వెనక నుంచి, పక్క నుంచి తీయాలి కానీ, సముద్రానికీ వాటికీ మధ్య నిలబడకూడదు. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. అవి వెలుగున్న వైపు సముద్రం ఉందనుకుని నడుస్తాయి. మనం లైటు వేస్తే దారి తప్పుతాయి. వెలుతురు చాలకపోతే ఫొటో వదిలేయండి.

(కెమెరా లేదు, ఫోనే ఉంది అన్న ప్రశ్నకు)

ఫోను ప్రధాన కెమెరా సుమారు 24 నుంచి 28 మధ్య లెన్స్‌తో సమానం. అంటే మగ్గం గదికి, మహేంద్రగిరి గుడికి కావలసిన లెన్స్ మీ జేబులోనే ఉంది. ముఖం తీయాలంటే దానితో మరీ దగ్గరికి వెళ్లకండి, ముక్కు పెద్దదవుతుంది. రెండు రెట్ల జూమ్ పెట్టి, ఒక అడుగు వెనక్కి వేయండి. కెమెరా ఉన్నవారికి కూడా ఒక మాట. విశాలమైన దృశ్యాలకు ఫోను ఉంది కాబట్టి, కెమెరా మీద 50 ఒక్కటి వేసుకుని వెళ్లినా ప్రయాణం బాగానే సాగుతుంది.

(వాడిన లెన్స్ కొనవచ్చా అని పర్లాకిమిడి నుంచి వచ్చిన పెద్దాయన అడిగారు)

తప్పకుండా కొనవచ్చండి. డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే పాత తరహా కెమెరాల, కాలపు మంచి లెన్సులు ఇప్పుడు తక్కువ ధరకు దొరుకుతున్నాయి, ఎందుకంటే చాలామంది అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు మారిపోయారు. మీ కెమెరా మౌంట్‌కు, అంటే లెన్స్ బిగించే చోటుకు, సరిపోతుందో, ఆటోఫోకస్ పనిచేస్తుందో ముందు అడగండి. కొన్ని పాత నికాన్ లెన్సులకు మోటారు ఉండదు, చిన్న మోడల్ కెమెరాల మీద చేత్తో ఫోకస్ చేసుకోవాలి. చేతికి తీసుకున్నాక వెనక నుంచి టార్చి వెలుగు వేసి ముందు నుంచి చూడండి. కొద్దిపాటి దుమ్ముతో నష్టం లేదు. దారాల్లాంటివి కనిపిస్తే బూజు, పాలపొరలాగా ఉంటే మబ్బు, రెండింటినీ వదిలేయండి. ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉండకూడదు. లెన్స్‌ను కిందికి వంచితే జూమ్ దానంతట అదే జారిపోకూడదు. చివరగా, మీ కెమెరాకు తగిలించి ఒక ఇటుక గోడను ఎదురుగా నిలబడి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. నాలుగు మూలలూ పెద్దది చేసి చూడండి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగిందని అర్థం. బహుశా ఎప్పుడో కింద పడి ఉంటుంది. ధర ఎంత తగ్గించినా దాన్ని తీసుకోకండి.